నర్సమ్మ పై చదువుకు అప్పు పుట్టదేం?

ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగి ఏ దిక్కుకు నడిచినా రాయే ఎదురొస్తుంది. గుంతకల్లు-రేణిగుంట మార్గంలోని ఈ జంక్షన్ చుట్టూ నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. కాస్త అవతల కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ ప్లాంటు గొట్టాలు. వానను నమ్ముకుంటే పొయ్యి వెలగని నేల ఇది. ఇంట్లోకి వచ్చే రూపాయి రాతి దుమ్ములోంచి రావాలి, లేదంటే కువైట్ నుంచి రావాలి. ఇలాంటి ఇళ్లలో గత ఇరవై ఏళ్లుగా ఆడపిల్లకు దొరికిన మూడో దారి నర్సింగ్. చదువు అయిపోగానే ఏదో ఒక ఆసుపత్రిలో పని దొరుకుతుంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది, బంధువుల్లో గౌరవమూ ఉంటుంది.

ఆ దారిలో నడిచిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. తండ్రి పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోసే మనిషి. తల్లి డ్వాక్రా సంఘం సభ్యురాలు. అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంటుతో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. ప్రొద్దుటూరులోనో కడపలోనో ఏడాది స్టాఫ్ నర్సుగా చేసింది. ఇప్పుడు ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతానంటోంది. అర్హతలో లోటేమీ లేదు. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం ఉంటే చాలు. రెండూ ఉన్నాయి. లేనిది ఫీజు. అక్కడి నుంచి ఆమె బ్యాంకుకు వెళితే ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం.

మొదట ప్రభుత్వం సంగతి. చదువుకయ్యే ఫీజంతా సర్కారే కట్టే పద్ధతిని 2008లో మొదలుపెట్టింది ఈ జిల్లా నుంచి వెళ్లిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డే. రాయలసీమలో ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ కాలేజీలు కూలీల పిల్లలతో నిండాయంటే ఆ పథకం వల్లే. పుష్కరం తిరిగాక, ఆయన కుమారుడి ప్రభుత్వం 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చింది. 2020-21 నుంచి ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరేవారికి విద్యా దీవెన ఉండదు, వసతి దీవెన ఉండదు. ప్రైవేటు పీజీ కాలేజీల్లో నాణ్యత లేదన్న వాదన దానికి ఊతం. ఆ జీవోను ఎత్తేయాలని విద్యార్థి సంఘాలు అప్పటి నుంచీ రోడ్డెక్కుతూనే ఉన్నాయి.

ఎంఏ, ఎంకాం లాంటి కోర్సుల విషయంలో ఆ వాదనకు కొంత బలం ఉందనుకున్నా, నర్సింగ్ దగ్గరికి వచ్చేసరికి అది నిలవదు. ఎంఏ చదవాలనుకున్న పిల్లకు ప్రైవేటు కాలేజీ కాకపోతే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, శ్రీవెంకటేశ్వర ఉంది. ఎమ్మెస్సీ నర్సింగ్ సీట్లలో మాత్రం అత్యధికం ప్రైవేటువే. తిరుపతి స్విమ్స్ వంటి సంస్థలో సీటు దొరకడం లాటరీతో సమానం. అంటే ఒకే కలంపోటు ఎంఏ విద్యార్థికి ఒక తలుపు మూసి ఇంకో తలుపు వదిలింది, నర్సుకు ఉన్న ఒక్క తలుపునూ మూసేసింది. జీవో రాసినవాళ్లకు ఈ తేడా తట్టి ఉండదు. నర్సు గురించి విడిగా ఆలోచించే అలవాటు మన విద్యాశాఖలకు ఎప్పుడూ లేదు.

ఇక మిగిలింది అప్పు.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. వినడానికి చక్కగా ఉంటుంది. తాకట్టు అక్కర్లేదు, పూచీ పడే మూడో మనిషి అక్కర్లేదు. 7.5 లక్షల వరకు తీసుకున్న అప్పు మునిగితే 75 శాతానికి కేంద్రమే గ్యారంటీ. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపయితే 10 లక్షల వరకు అప్పుపై చదువుకాలం, ఆపైన ఏడాది 3 శాతం వడ్డీ రాయితీ. 2030-31 దాకా 3,600 కోట్ల కేటాయింపు. వడ్డీ రాయితీ దేశం మొత్తమ్మీద ఏడాదికి లక్ష మందికే అన్నది చిన్న అక్షరాల్లో ఉండే మాట.

అసలు మెలిక కాలేజీ పేరు దగ్గర ఉంది. ఈ అప్పు ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికే. తొలి జాబితాలో అలాంటివి 860. జాబితాలో పేరుండాలంటే కాలేజీకి కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ జాతీయ ర్యాంకు రావాలి, లేదా అది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు ర్యాంకు 200 వరకు వెసులుబాటు ఇచ్చారు. సరే, మంచి కాలేజీలో చదివేవారికే ప్రజాధనం అన్నది అర్థం చేసుకోదగిన ఆలోచనే. ఎన్ఐఆర్ఎఫ్ పట్టిక తెరిచి చూడండి: ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ, వైద్యం, దంతవైద్యం, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్, వ్యవసాయం, ఓపెన్ యూనివర్సిటీలు. నర్సింగ్ అనే విభాగమే లేదు! పరీక్షే పెట్టని సబ్జెక్టులో ఫస్టు మార్కు తెచ్చుకొమ్మన్నట్టుంది. వెల్లూరు సీఎంసీలోనో ఏదో ఒక ఎయిమ్స్‌లోనో సీటు తెచ్చుకున్న అమ్మాయి, ఆ సంస్థ వైద్య ర్యాంకు చాటున, లేదా కేంద్ర సంస్థ అన్న హోదా చాటున లోపలికి వెళ్లగలదు. కడప జిల్లాలోని ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఎంత బాగా చదువు చెప్పినా నర్సింగ్ బలంతో ఆ జాబితాకు ఎక్కలేదు.

దీనికి ముందు నుంచి ఉన్న వడ్డీ రాయితీ పథకం ఈ విషయంలో తెలివైనది. 2009లో మొదలైన ఆ పథకం కింద, 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు వృత్తి విద్యకు తీసుకునే అప్పుపై చదువుకాలం, ఆపైన ఏడాది వడ్డీని కేంద్రం భరిస్తుంది. అందులో కాలేజీల నాణ్యత తూచే న్యాక్ గుర్తింపు వర్తించని కోర్సులకు సంబంధిత నియంత్రణ సంస్థ అనుమతి చాలన్నారు. నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్ అనుమతి. అయితే దానికీ ఒక ముడి వేశారు. రాయితీ జీవితంలో ఒక్కసారే. డిగ్రీకి వాడుకుంటే పీజీకి ఉండదు. కన్వీనర్ కోటాలో సీటు రాక బీఎస్సీకే అప్పు చేసిన అమ్మాయికి ఎమ్మెస్సీ దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. పేదింటి పిల్ల ఒక మెట్టు ఎక్కడానికే సాయం, రెండో మెట్టు ఆమె సొంత ఖర్చు అన్నట్టు.

ఇప్పుడు బ్యాంకు కౌంటరు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు ఏ తాకట్టూ అడగకూడదు. 2015లో పెట్టిన గ్యారంటీ నిధి వచ్చాక 7.5 లక్షల వరకూ తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి 25 లక్షల వరకు విద్యారుణాలను ప్రాధాన్య రంగం కింద లెక్కేస్తోంది. 'మీ ఊరు మా బ్రాంచి పరిధిలో లేదు' అని తిప్పి పంపకూడదని కూడా ఏనాడో చెప్పింది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. కౌంటరు దగ్గర మాత్రం మేనేజరు చూసేది తండ్రి సిబిల్ స్కోరు. అప్పు పత్రంలో తండ్రి కూడా సహ రుణగ్రహీత కాబట్టి. కరువు సీమలో పంట అప్పు తీసుకుని సకాలంలో కట్టగలిగిన రైతు ఎవరు? పాత బాకీని సెటిల్‌మెంట్ చేసుకున్న ప్రతి మనిషికీ ఆ మచ్చ ఏళ్ల తరబడి కంప్యూటర్లో ఉంటుంది. తండ్రి ఎప్పుడో వేసిన సెనగ పంట ఎండిపోయిన సంగతి కూతురి చదువు ఫైలులో కనిపిస్తుంది. సిబిల్ స్కోరు తక్కువుందన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. ఆ తీర్పు కాపీ పట్టుకుని ఎర్రగుంట్ల బ్రాంచికి వెళ్లే తండ్రి ఎవరూ ఉండరు.

ఇంకో మార్పు కూడా జనం పెద్దగా గమనించకుండానే జరిగిపోయింది. కడప కేంద్రంగా ఉండిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రంలోని మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయిపోయింది. ప్రధాన కార్యాలయం కడప నుంచి తరలింది. విలీనం బ్యాంకింగ్ లెక్కల్లో సబబే కావచ్చు. కానీ జిల్లా కాలేజీల ముఖం తెలిసిన అధికారి కడపలో కూర్చుని నిర్ణయం తీసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ఫైలు చూసేది ర్యాంకుల జాబితా పెట్టుకున్న కంప్యూటరు. పైగా ఆ అప్పు పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పుకునే రేనాటి చోళుల కలమళ్ల శాసనం పుట్టింది ఈ ఎర్రగుంట్ల మండలంలోనే!

సరే, అప్పు పుట్టిందనే అనుకుందాం. తీర్చడం ఎలా? ఫీజు, హాస్టలు కలిపి రెండేళ్లకు 4 లక్షలు తీసుకుందనుకోండి, 10 శాతం వడ్డీ. మొదటి ఏడు 2 లక్షలు, రెండో ఏడు 2 లక్షలు. చదువుకాలం, ఆపైన గడువు ఏడాది కలిపి సాధారణ వడ్డీ లక్ష రూపాయలవుతుంది. అసలు 5 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 6,600 రూపాయల కిస్తీ. పదిహేనేళ్లు సాగదీస్తే దాదాపు 5,400. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీతో పోలిస్తే ఇది చవకే. పదిశాతమంటే నూటికి నెలకు 83 పైసలు మాత్రమే. తంటా వడ్డీ దగ్గర కాదు, జీతం దగ్గర.

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో నిపుణుల కమిటీ వేయమంది. ఆ కమిటీ చేసిన సిఫార్సులు ఇవి: 200 పడకలకు మించిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం, 50 పడకల్లోపు నర్సింగ్ హోంలో సైతం నెలకు 20,000కు తగ్గకూడదు. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. పదేళ్లవుతోంది. ఆ 20,000 నిజంగా చేతికి వచ్చినా కిస్తీకి మూడో వంతు పోతుంది. మిగిలినదాంట్లో అద్దె, తిండి, ఇంటికి పంపాల్సింది. ఎమ్మెస్సీ చదివినందుకు చిన్న ఆసుపత్రుల్లో బీఎస్సీ నర్సు కంటే పెద్దగా ఎక్కువేమీ రాదన్నది ఆ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. విద్యారుణం వడ్డీపై ఆదాయపు పన్నులో మినహాయింపు ఉందని గొప్పగా చెబుతారు. పన్ను కట్టేంత జీతమే లేని నర్సుకు అది కంచంలో వేసిన బొమ్మ జిలేబీ.

ఇంకో పోలిక: ఆసుపత్రి వార్డులో ఎండీ చదువుతున్న జూనియర్ డాక్టరు కూడా పీజీ విద్యార్థే. ఆయనకు నెలనెలా స్టైపెండ్ వస్తుంది. రావాలి కూడా, రాత్రింబవళ్లు పని చేస్తున్నాడు. అదే వార్డులో ఎమ్మెస్సీ విద్యార్థిని క్లినికల్ డ్యూటీ చేస్తూ కాలేజీకి ఎదురు ఫీజు కడుతుంది.

ఇలా మెట్టు మెట్టుకూ నర్సు జారిపోవడం మన దేశపు వింత కాదు. అమెరికాలో ఈ మధ్య రేగిన దుమారం కూడా ఇదే. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' చట్టం, 2006 నుంచి నడుస్తున్న గ్రాడ్ ప్లస్ రుణాలను 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఆపేస్తుంది. పీజీ చదివేవారు ఇకపై ప్రభుత్వం నుంచి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లకు మించి అప్పు తీసుకోలేరు. 'ప్రొఫెషనల్' డిగ్రీ చదివితే ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. ఏది ప్రొఫెషనల్ అన్నది తేల్చడానికి విద్యాశాఖ వేసిన సంప్రదింపుల కమిటీ 2025 నవంబరులో ఒక నిర్వచనానికి వచ్చింది. వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయం, పశువైద్యం ఉన్నాయి. ఎముకలు సర్దే కైరోప్రాక్టిక్ ఉంది. చర్చి పాస్టర్లు చదివే మతశాస్త్రమూ ఉంది. నర్సింగ్ లేదు. నర్సింగ్ కాలేజీల సంఘం, నర్సుల సంఘం భగ్గుమన్నాయి.

విద్యాశాఖ జవాబులో పస లేదనలేం. నర్సింగ్ విద్యార్థుల్లో 95 శాతం మంది ఎలాగూ ఆ పరిమితిలోపే అప్పు తీసుకుంటున్నారని, ఎల్లలు లేని అప్పే కాలేజీలు ఫీజులు పెంచడానికి కారణమని వాళ్లంటారు. రెండో మాటలో నిజముంది. మన దగ్గరా రీయింబర్స్‌మెంట్ వచ్చాక పుట్టగొడుగుల్లా లేచిన కాలేజీలను చూశాం. కానీ మిగతా 5 శాతంలో ఉండేది ఎవరు? మత్తుమందిచ్చే అనస్థీషియా నర్సు కావాలంటే అక్కడ 2022 నుంచి చేరేవారికి డాక్టరేట్ తప్పనిసరి చేశారు. ఆ చదువు సాగినన్నాళ్లూ ఉద్యోగం చేయడం దాదాపు కుదరదు, ఖర్చు లక్ష డాలర్లను అవలీలగా దాటుతుంది. వృత్తి మండలి పెద్ద డిగ్రీ తప్పనిసరి అంటుంది, అప్పిచ్చే శాఖ అది పెద్ద డిగ్రీయే కాదంటుంది. ఈ రెండు చేతుల మధ్య నలిగేది అక్కడ పుట్టి పెరిగి ఆ చదువు కోరుకునే మన తెలుగు ఇళ్ల పిల్లలు కూడా. ఫెడరల్ రుణాలు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఇస్తారు గనుక, ఇక్కడి నుంచి వీసాపై వెళ్లేవారికి ఈ గొడవ నేరుగా తగలదు.

ఢిల్లీ ర్యాంకుతో గీత గీసింది, వాషింగ్టన్ డిగ్రీ పేరుతో గీసింది. గీతకు అవతల మాత్రం రెండు చోట్లా నర్సే ఉంది.

ఇంగ్లండు అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే బర్సరీని 2017లో ఎత్తేసి అందరినీ అప్పుల దారి పట్టించారు. ఆ ఏడాది తొలి లెక్కల్లోనే దరఖాస్తులు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2020 సెప్టెంబరు నుంచి ఏటా కనీసం 5,000 పౌండ్ల గ్రాంటుతో పాత దారికి సగం వెనక్కి రావాల్సి వచ్చింది. పక్కనే ఉన్న వేల్స్ బర్సరీ తీసేయలేదు. చదువయ్యాక రెండేళ్లు వేల్స్‌లో పనిచేస్తానంటే ఖర్చు తామే పెట్టుకుంటామంది.

అప్పు విరివిగా ఇస్తే చాలనుకునేవారు కేరళను చూడాలి. దేశానికి నర్సులను పంపిన రాష్ట్రమది. 2000 తర్వాతి దశాబ్దంలో బ్యాంకులు అక్కడ నర్సింగ్ చదువుకు ధారాళంగా అప్పులిచ్చాయి. ఢిల్లీ, ముంబై ఆసుపత్రుల్లో ఐదారు వేల జీతానికి చేరిన పిల్లలు కిస్తీలు కట్టలేకపోయారు. జప్తు నోటీసులు ఇళ్లకు వచ్చాయి. ఉద్యోగం మానేద్దామంటే బాండు పేరుతో సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో ఉండేవి. 2011 చివరి నుంచి నర్సుల సమ్మెలు ఊరూరా పాకిన నేపథ్యం అది. చివరికి 2017లో కేరళ ప్రభుత్వం 900 కోట్లతో విద్యారుణాల చెల్లింపు సాయం ప్రకటించాల్సి వచ్చింది. జీతం గురించి పట్టించుకోకుండా అప్పు ఒక్కటే అందించిన విధానానికి ప్రజలు కట్టిన మూల్యం అది.

ఇక్కడే కడప జిల్లాకు సంబంధించిన అసలు చిక్కు ఉంది. కువైట్‌కో సౌదీకో బ్రిటన్‌కో వెళ్లాలనుకునే నర్సుకు ఎమ్మెస్సీ అక్కర్లేదు. బీఎస్సీ, కొంత అనుభవం ఉండి, సౌదీకి ప్రొమెట్రిక్ పరీక్ష, బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ ఇంగ్లీషు పరీక్షతో పాటు అక్కడి నర్సింగ్ పరీక్షలు పాసైతే చాలు. ఏజెంటుకు ఇచ్చే డబ్బు ప్రొద్దుటూరులో బంగారం కుదువపెడితే గంటలో చేతికొస్తుంది. పెళ్లికని దాచిన గొలుసే ఆ అప్పుకు హామీ. ఇల్లు వదిలి వెళ్లే నర్సుకు డబ్బు పుట్టడం తేలిక. ఎమ్మెస్సీ చదివేది ఎవరంటే, ఇక్కడే ఉండి నర్సింగ్ ట్యూటరుగానో, లెక్చరరుగానో, ఐసీయూ వార్డు బాధ్యురాలిగానో స్థిరపడాలనుకునే అమ్మాయి. అంటే ఏ నర్సు మన దగ్గర మిగులుతుందో ఆ నర్సుకే అప్పు పుట్టదు. ఎవరూ కూర్చుని ఇలా జరగాలని రాయలేదు. నాలుగు శాఖలు నాలుగు నిబంధనలు విడివిడిగా రాసుకుంటే ఇలా తేలింది.

ఈ నష్టం ఒక అమ్మాయితో ఆగదు. నర్సింగ్ కాలేజీకి అనుమతి కావాలంటే పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి, ప్రిన్సిపాలు నుంచి ప్రొఫెసర్ల దాకా ఎమ్మెస్సీ చదివి ఉండాలి. కేంద్రం 2023 ఏప్రిల్లో 1,570 కోట్లతో 157 కొత్త ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలకు అనుమతిచ్చింది. 2014 తర్వాత వచ్చిన వైద్య కళాశాలల పక్కనే ఇవి రావాలన్నది ఆలోచన, ఏటా 15,700 మంది నర్సులు వీటినుంచి రావాలన్నది లక్ష్యం. భవనానికి డబ్బుంది. ఆ గదుల్లో పాఠం చెప్పే ఎమ్మెస్సీ నర్సును తయారు చేయడానికి మాత్రం అందులో పైసా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో నర్సుల కొరత 58 లక్షలు. ఆ కొరత తీర్చుకోవడానికి జర్మనీ నుంచి జపాన్ దాకా మన ఊళ్ల వైపు చూస్తున్నాయి. బయటి లాగుడు ఇంత బలంగా ఉన్నప్పుడు లోపలి పట్టు కూడా ఉండాలి కదా.

ఆ పట్టు ఎలా ఉండాలో అమెరికాలోనే ఒక నమూనా ఉంది. అక్కడ 2002 నాటి చట్టంతో వచ్చిన నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం నడుస్తోంది. నర్సింగ్ టీచరు కావడానికి పై చదువు చదివేవారికి ఆ నిధి నుంచి అప్పిస్తారు. చదువయ్యాక నర్సింగ్ కాలేజీలో పూర్తికాలం పాఠాలు చెబితే నాలుగేళ్లలో 85 శాతం వరకు అప్పు రద్దవుతుంది. కొరత ఉన్న ఆసుపత్రుల్లో రెండేళ్లు పనిచేస్తే మిగిలిన అప్పులో 60 శాతం కట్టే నర్స్ కోర్ అనే పథకమూ ఉంది. బాండులా సర్టిఫికెట్లు లాక్కుని భయపెట్టడం ఇందులో లేదు. ఉన్నన్నాళ్లూ అప్పు కరుగుతుంది, వెళ్లిపోతే మిగిలింది తీర్చుకోవాలి, అంతే. కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో ఇలాంటిది పెట్టడానికి రాష్ట్ర ఖజానా కుంగిపోదు. పైన వేసిన లెక్కతో చూస్తే ఒక్కో ఎమ్మెస్సీ నర్సుకు 5 లక్షలు, వందమందికి 5 కోట్లు. ఆ కొత్త నర్సింగ్ కాలేజీల్లో ఒక్కోదానికి కేటాయింపు 10 కోట్లు!

చేతిలో అవకాశం లేకపోలేదు. ఇంటర్ పూర్తయిన ఆడపిల్లలు వృత్తి విద్యకు తీసుకునే బ్యాంకు అప్పుకు ప్రభుత్వమే పూచీ ఉంటుందని, చదువుకాలం వడ్డీ తానే కడుతుందని 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం పార్టీ 'కలలకు రెక్కలు' పేరుతో మాటిచ్చింది. ఆ మాటలో 'ఇంటర్ పూర్తయిన' అన్న రెండు ముక్కలు జాగ్రత్తగా చదవాలి. మార్గదర్శకాలు రాసేవారు దాన్ని డిగ్రీలకే కుదిస్తే ఎమ్మెస్సీ నర్సు మళ్లీ గడప బయటే. విదేశీ విద్యకు సాయం విషయంలో 2022 నాటి పథకం కూడా ప్రపంచ ర్యాంకు 200 లోపు అని గీత గీసిందని గుర్తుంచుకోవాలి. ఢిల్లీకైనా అమరావతికైనా ర్యాంకంటే మోజు. ర్యాంకు చూసి అప్పివ్వడం అధికారికి సుఖం. ఆ కాలేజీకి కౌన్సిల్ అనుమతి ఉందా, అక్కడ చదివినవారు ఎక్కడ పనిచేస్తున్నారు అని చూడాలంటే కాస్త ఒళ్లు వంచాలి.

చేయాల్సినవాటిలో కొన్నింటికి డబ్బు కూడా అక్కర్లేదు. విద్యాలక్ష్మి జాబితాకు నర్సింగ్ విషయంలో ర్యాంకు బదులు కౌన్సిల్ అనుమతిని ప్రమాణంగా తీసుకోవాలని రాష్ట్రం ఢిల్లీకి ఒక ఉత్తరం రాస్తే చాలు. లేదంటే ఎన్ఐఆర్ఎఫ్‌లోనే నర్సింగ్ విభాగం పెట్టమనాలి. ఆడపిల్లలు ఎక్కువగా చదివే వృత్తి కోర్సుకు దేశంలో ర్యాంకే లేకపోవడం నర్సులకు కాదు, ర్యాంకులిచ్చేవారికి నామోషీ. జీవో 77 నుంచి ఎమ్మెస్సీ నర్సింగ్‌కు మినహాయింపునివ్వడం కలంపోటుతో అయ్యే పని. వడ్డీ రాయితీ ఒక్కసారే అన్న షరతును నర్సింగ్ పీజీకి సడలించడం కేంద్రం చేతిలో ఉంది. జీతాల విషయంలో 2016 కమిటీ సిఫార్సులను అమలు చేయడం మాత్రం అంత తేలిక కాదు. ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలు రాష్ట్రంలో ఏ పార్టీకైనా దగ్గరివాళ్లే. అయినా అది తేలకుండా అప్పుల మీద అప్పులిస్తే మనమూ కేరళ పడ్డ గోతిలోనే పడతాం.

అన్నిటికంటే ముందు లెక్క బయటికి రావాలి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుని విద్యారుణాల మొత్తాన్ని కోట్లలో చెబుతుంది. అందులో నర్సింగ్‌కు ఎన్ని, అందులో పీజీకి ఎన్ని, కడప జిల్లాలో ఎన్ని దరఖాస్తులు వస్తే ఎన్ని తిరగ్గొట్టారు, ఏ కారణం రాశారు అన్నది కోర్సులవారీగా, జిల్లాలవారీగా ప్రచురించమని అడగాలి. జమ్మలమడుగు ఎమ్మెల్యే, కడప ఎంపీ వచ్చే సమావేశానికి ముందు ఈ ఒక్క ప్రశ్న రాసి పంపినా చాలు. జవాబు ఇవ్వాల్సిన బాధ్యత కమిటీ కన్వీనరుగా ఉన్న యూనియన్ బ్యాంకుది.